నేను చదివిన

మైదా పిండిలో నీళ్లు పోసి, ఉండ కట్టకుండా కలిపి, సన్నమంట మీద ఉడికించి, దించేముందు చిటికెడు మైలుతుత్తం వేస్తే పుస్తకాలు అతికించే లై తయారవుతుంది. మైలుతుత్తం మరిచిపోయారో, ఆ లై రుచికి ఎలుకలు వచ్చి, లైతో పాటు పుస్తకాన్నీ తిని పోతాయి. జానమ్మకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. పనిలో చేరిన మొదటి ఏడాదిలో ఎనిమిది పుస్తకాలు ఎలుకలకు ఫలహారం పెట్టి తానే నేర్చుకుంది.

ఆ సోమవారం సాయంత్రం ఆమె పిల్లల గదిలో గోనెపట్టా మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. ఒళ్లో వీపు ఊడిన పుస్తకం, పక్కన లై గిన్నె, చేతిలో కొస నలగ్గొట్టిన ఈతపుల్ల. ఎదురుగా మెర్సీ అనే నాలుగో తరగతి పిల్ల మఠం వేసుకుని, ఒక మేకపిల్ల బస్సెక్కి పట్నం పోయిన కథ చదువుతోంది.

"'కండక్టరు మేకపిల్లను టి... కె... ట్టు అడిగాడు.' అవ్వా, మేకపిల్లకు టికెట్టు ఉంటదా?"

"నాకేం ఎరుక బిడ్డా? నువ్వు సదివితెనే గద నాకు తెల్సేది. ముందట ఏమున్నదో చూడు."

జానమ్మకు ఎరుక లేకపోవడమేమిటి! బస్సులో మేకపిల్ల ఏం చేసిందో, చివరికి ఎవరి ఇంటికి చేరిందో ఆమెకు పేజీ పేజీ తెలుసు. ఆ పుస్తకాన్ని ఆమె మూడుసార్లు కుట్టింది, రెండుసార్లు చదివింది. పుట్టింటి ఊళ్లో ఆదివారం బడిలో అక్షరాలు దిద్ది, సర్కారు బడిలో ఐదు దాకా చదివి, ఆ తర్వాత దొరికిన ప్రతి కాగితాన్నీ, మిర్చీలు కట్టిచ్చిన పేపరుతో సహా, వదలకుండా చదివిన మనిషి ఆమె. కానీ ఈ ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చు గనుక పుస్తకం పట్టదు. కాగితాల మీద ఆమె మెల్లగా గీసే సంతకం చూసి, పాపం అంతవరకు నేర్చుకుంది అనుకుంటారు.

అబద్ధం ఆమె కావాలని మొదలుపెట్టింది కాదు. తెలంగాణ వచ్చిన ఏడు వానకాలంలో ఒక మూడో తరగతి పిల్లవాడు బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి కథ చెప్పమన్నాడు. ఆ రోజు ఆమె కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చింది. కనిపించదు అనబోయి, "నాకు రాదు బిడ్డా, నువ్వే సదువు" అంది. వాడు ఆమె ముఖంలోకి జాలిగా చూశాడు. బడిలో పేరు పిలిస్తే కూడా నోరు విప్పని ఆ పిల్లవాడు, చెమటలు కక్కుతూ, కూడబలుక్కుంటూ పన్నెండు పేజీలు చదివి వినిపించాడు. లేచి నిలబడి, "రేపు ఇంకోటి చదువుత. నువ్వేం ఫికర్ జెయ్యకు" అని ధైర్యం చెప్పి మరీ పోయాడు.

మరునాడు ఆమె కళ్లద్దాలు తెచ్చుకుంది గానీ పెట్టుకోలేదు. చదువు చెబుతామంటే పారిపోయే పిల్లలు, చదువు రాని ముసలిదానికి చెప్పమంటే ఎగబడతారని ఆమెకు అర్థమైపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం దేవుని ముందు ఆ అబద్ధాన్ని ఒప్పుకుంటుంది. సోమవారం గది తాళం తీయగానే మళ్లీ చెబుతుంది.

పుస్తకం మొత్తం చదివి వినిపించిన వాళ్లకు ఒక బహుమానం ఉంది. చివరి అట్టకు ముందున్న ఖాళీ పేజీలో పెన్సిల్‌తో పేరు రాసుకోవచ్చు. 'నేను చదివిన. ఎల్లేష్, 5వ తరగతి.' అంతే. మేకపిల్ల పుస్తకంలో అప్పటికే తొమ్మిది పేర్లున్నాయి. పదో పేరు రాయడానికి మెర్సీ పెన్సిల్ చెవి మీద పెట్టుకునే కూర్చుంది. ఇంకా మూడు పేజీలున్నాయనగా డానియల్ సారు గుమ్మంలోకి వచ్చాడు.

డానియల్ సారు ఇంచార్జి లైబ్రేరియన్. మూడు ఊళ్ల గ్రంథాలయాలకు ఆయనొక్కడే గనుక మామూలుగా వారానికి రెండు రోజులే ఇక్కడికి వస్తాడు. నకిరేకల్ నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఈ మండల కేంద్రంలో గ్రంథాలయమంటే రెండు గదులు, ఒక వరండా. పెద్ద గదిలో పేపర్లు, పోటీ పరీక్షల వాళ్లు. చిన్న గదిలో పిల్లలు. మిగిలిన రోజుల్లో రెంటికీ జానమ్మే దిక్కు. ఆమె ఉద్యోగం పేరు పార్ట్‌టైమ్ వర్కర్. పొద్దున ఎనిమిదికి తాళం తీసి చీకటి పడ్డాక వేసే ఆ ఉద్యోగంలో పార్ట్ ఏదో ఆమెకు ఇప్పటిదాకా తెలియలేదు.

"జానమ్మా, గీ రూము ఖాళీ జెయ్యాలె" అన్నాడు సారు, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

"ఎందుకు సారూ?"

"పరీక్షల పిల్లలకు జాగ సరిపోతలేదు. నోటిఫికేషన్లు వస్తున్నయ్ గద. ముప్పై రెండు మంది సంతకాలు పెట్టి దరఖాస్తు ఇచ్చిన్రు. పైనుంచి ఓకే అయింది. శుక్రవారం, పద్నాలుగు తారీఖు, స్టడీ హాల్ ఓపెనింగ్."

"పద్నాలుగంటే పిల్లల పండుగ గద సారూ?"

డానియల్ సారు చెవి గోక్కున్నాడు. "అదిగుడ ఉన్నది" అన్నాడు.

"మరి పుస్తకాలు?"

"బుధవారం జిల్లా నుంచి శోభ మేడం వస్తది, స్టాకు చూస్తది. మంచిగున్నయి మూటలు కట్టి నల్లగొండ పంపుతరు. చినిగినయి చిత్తు కింద రాస్తరు."

జానమ్మ గది చుట్టూ చూసింది. చినగని పుస్తకం ఒక్కటుంటే చూపించమని అడగాలనిపించింది. పిల్లలు చదివిన పుస్తకం చినగక ఏమవుతుంది? చినగలేదంటే ఎవరూ ముట్టలేదనే అర్థం. కానీ డానియల్ సారు మార్చిలో రిటైర్ కాబోతున్న మనిషి. ఆయనతో వాదిస్తే ఆయనకు గుండెదడ తప్ప ఇంకేమీ రాదు. ఆమె ఈతపుల్లను లై గిన్నెలో పెట్టేసి చేతులు తుడుచుకుంది.

"అవ్వా, ఇంక మూడు పేజీలే" అంది మెర్సీ.

*

మంగళవారం పొద్దున అరలు మోయడానికి విజేందర్, ఇంకో నలుగురు వచ్చారు. దరఖాస్తు మీద మొదటి సంతకం విజేందర్‌దే. ఊరికి మూడు కిలోమీటర్ల అవతలి గూడెం వాడు. తండ్రి నకిరేకల్ మార్కెట్లో బస్తాలు మోస్తాడు. పోయినసారి కానిస్టేబుల్ ఉద్యోగం రెండు మార్కులతో తప్పిపోయింది. అప్పటినుంచి పొద్దున తాళం తీసేసరికి మెట్ల మీద ఉంటాడు. కుర్చీ దొరకని రోజు కిటికీ గట్టు మీద కూర్చుని చదువుతాడు.

జానమ్మ వాళ్ల మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఒక్క చాయ్ ఇద్దరు తాగే పిల్లలు. ఇంటికాడ ఒకటే గది, అందులోనే పొయ్యి, అందులోనే టీవీ. వాళ్లకు మాత్రం ఎవరిచ్చారు జాగా? పైగా కథ చెప్పమని వచ్చి, తానే చదివి, ఆమెకు ధైర్యం చెప్పిపోయిన ఆ మూడో తరగతి పిల్లవాడు ఈ విజేందరే.

"అత్తా, మనసుల ఏం పెట్టుకోకు" అన్నాడు విజేందర్. "పిల్లలకు బడిల గుడ పుస్తకాలుంటయ్."

"ఉంటయ్ బిడ్డా. బీరువల ఉంటయ్. బీరువకు తాళముంటది."

ఆమె నవ్వుతూనే అంది గానీ వాడు తల దించుకుని అరకు భుజం ఆనించాడు. మోకాలెత్తు చెక్క అర అది. ఎత్తగానే అట్టడుగు పలక ఊడి, బోర్లాపడి, వెల్లకిలా తిరిగింది. దాని అడుగున నీలం రంగు పాత అక్షరాలున్నాయి. విజేందర్ వంగి దుమ్ము తుడిచి పైకి చదివాడు.

"పదునాలుగేండ్ల లోపు పిల్లలకు ప్రవేశము లేదు."

"అది గేటుకు ఉండె" అంది జానమ్మ. "నేను ఈ ఊరికి కోడలుగ వచ్చినప్పుడు చూసిన."

పిల్లలకూ ఆ గ్రంథాలయానికీ మధ్య నడిచిన చరిత్రంతా ఆ పలకకు అటూ ఇటూ ఉంది. మొదట్లో పిల్లలు పేపర్లు చింపుతారని అసలే రానివ్వలేదు. తర్వాత ఏడాదికి ఒక వారం రానిచ్చారు. నవంబరులో వారోత్సవాలప్పుడు వ్యాసరచన పోటీ పెట్టి, ముగ్గురికి బహుమతులిచ్చి, ఫోటో దిగి, అందరినీ ఇంటికి పంపేవారు. ఆ తర్వాత పిల్లల పుస్తకాలు రెండు పెట్టెలు వచ్చాయి. వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి అట్టల మీది బొమ్మలు చూసి పోయేవారు. జానమ్మ పనిలో చేరిన రెండో నెలలో ఆ బీరువా తాళంచెవి పోయింది. ఎలా పోయిందని ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే ఆమె ఇంకో అబద్ధం చెప్పవలసి వచ్చేది. బీరువా పై అరలు పిల్లలకు అందడం లేదని, వడ్రంగి పని చేసే వడ్ల లచ్చయ్యను బతిమిలాడి పాత చెక్కలతో పొట్టి అరలు కొట్టించింది. గేటు దగ్గర ఎప్పుడో పీకి పారేసిన ఆ పలక అట్టడుగు అరకు కొలత తీసినట్టు సరిపోయింది. అక్షరాలు కిందికి వచ్చేట్టు పెట్టించింది.

"ఇన్నేండ్లు దీని మీదనే పిల్లల పుస్తకాలు పెట్టినవా అత్తా?"

"టేకు చెక్కరా. రాసినోనిది తప్పు గని చెక్కదేమున్నది?"

మిగతా నలుగురూ నవ్వారు. విజేందర్ నవ్వలేదు. పలకను గోడకు ఆనించి, అరను ఎత్తుకుని వరండాలోకి మోసుకుపోయాడు.

సాయంత్రం నాలుగింటికి మెర్సీ, వెనకాల ఏడెనిమిది మంది పిల్లలు వచ్చారు. గదిలో గోడలు, మూటలు తప్ప ఏమీ లేవు. పుస్తకాలన్నీ నంబరు వరసన మూటలు కట్టి ఉన్నాయి. మేకపిల్ల ఏ మూటలో ఉందో జానమ్మకు తెలుసు గానీ, మేడం చూసేదాకా విప్పొద్దని డానియల్ సారు మరీ మరీ చెప్పాడు. పిల్లలు కాసేపు మెట్ల మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు లేచిపోయారు. మెర్సీ ఒక్కతే పెన్సిల్ చెవి మీద పెట్టుకుని చీకటి పడేదాకా ఉంది.

*

శోభ మేడం బుధవారం పదిన్నరకు వచ్చింది. నలభై దాటిన మనిషి, ముతక నూలు చీర, కళ్లద్దాలు, సన్నగా మాట్లాడే గొంతు. అధికారం చెలాయించే రకం కాదు. పని పనిలా చేసే రకం, అందుకే ఆమెను చూస్తే డానియల్ సారుకు మరింత భయం. ఆయన నంబరు చదువుతుంటే ఆమె పుస్తకం అందుకుని, అట్ట తిప్పి, ఎర్ర పెన్నుతో జాబితాలో టిక్కు పెడుతోంది. జానమ్మ మూటలు విప్పి అందిస్తోంది.

పదో పుస్తకం దగ్గర మేడం చేయి ఆగింది. చివరి పేజీ తెరిచి చూసింది. ఇంతకుముందు పక్కన పెట్టిన పుస్తకం తీసి దాని చివరి పేజీ కూడా చూసింది. ఆ తర్వాత వరసగా నాలుగు చూసింది.

"డానియల్ గారూ, ఏమిటివి? ప్రతి పుస్తకం మీదా పిచ్చిరాతలు!"

డానియల్ సారు వంగి చూసి, మొదటిసారి చూసినట్టు ముఖం పెట్టాడు. నిజానికి ఆయన చూడడం అదే మొదటిసారి.

మేడం పైకి చదివింది. "'నేను చదివిన. ఎల్లేష్.' చదివిన, ఏమిటి? చదివిన పుస్తకమా, చదివిన బడా? ఒక్క వాక్యం పూర్తిగా రాయడం రాదు, గ్రంథాలయం పుస్తకాలు మాత్రం పాడుచేయడం వచ్చు. ఎవరు రాయనిచ్చారు?"

"నేనే మేడం" అంది జానమ్మ.

డానియల్ సారు గబగబా ముందుకొచ్చాడు. "మేడం, ఆమెకు సదువు రాదు మేడం. తెల్వక చేసింది. మంచి మనిషి."

"మంచి మనిషి కావచ్చు. పుస్తకం మీద రాయడం తప్పు, రాయించడం ఇంకా తప్పు. నీ పేరేమిటి? జానమ్మా? రేపు పొద్దున నేను వచ్చేసరికి సంజాయిషీ రాయించి ఇవ్వు. అది చూసి పైకి ఏం రాయాలో రాస్తాను. ఈ రాతలున్న పుస్తకాలన్నీ వేరు చేయండి. రేపు రద్దు ముద్ర వేసి చిత్తు కింద తీసేద్దాం."

వేరు చేస్తూ పోతే సాయంత్రానికి గదిలో పుస్తకాలన్నీ ఒక పక్కకే చేరాయి. రాతలు లేని పుస్తకాలు పదకొండు మిగిలాయి. అవి ఎవరూ చదవని లావుపాటి నీతి బోధలు. మేకపిల్ల చిత్తు కుప్ప మీదే ఉంది.

జానమ్మకు ఉద్యోగం పోతుందన్న భయం లేకపోలేదు. ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా మేడం అన్న మాటే గుచ్చుకుంది. వాక్యం పూర్తి కాలేదట. ఆ పిల్లలు ఎన్ని రోజులు కూడబలుక్కుంటే ఆ రెండు మాటలు రాసే హక్కు వచ్చిందో ఆమెకు తెలుసు. అంతకంటే పూర్తయిన మాట ఈ గదిలో ఇంకేముంది?

*

ఆరు కావస్తుండగా వరండాలో విజేందర్ తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు. వాడి దస్తూరి ముత్యాల్లా ఉంటుందని డానియల్ సారు సంజాయిషీ పని వాడికి అప్పగించాడు. పది నిమిషాల్లో రాసి, గొంతు సవరించుకుని చదివాడు.

"గౌరవనీయులైన మేడం గారికి. నేను చదువు సంధ్యలు లేనిదానను. పుస్తకముల మీద వ్రాయరాదని తెలియక పిల్లలను వ్రాయనిచ్చితిని. పిల్లలు పిచ్చివ్రాతలు వ్రాసి పుస్తకములను పాడుచేసినారు. తమరు దయతలచి నన్ను క్షమించవలసినదిగా..."

"జబర్దస్త్ ఉన్నది" అన్నాడు డానియల్ సారు. "మేడం కరుగుతది. సంతకం పెట్టు జానమ్మా, నౌకరి నిలబడ్తది."

జానమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. సంతకం పెట్టడానికి ఎంతసేపు? ఆమె పేరులో ఉన్నవి మూడక్షరాలే. పెడితే ఉద్యోగం ఉంటుంది, రేపటినుంచి ఈ వరండా ఊడ్చుకుంటూ బతకవచ్చు. కానీ ఆ పేర్లన్నీ పిచ్చిరాతలేనని తన చేత్తో ఒప్పుకున్నట్టవుతుంది. రద్దు ముద్ర మేడం వేసినా, దానికి సిరా పోసింది తానే అవుతుంది.

ఆమె సంచిలోంచి కళ్లద్దాల డబ్బా తీసింది. అద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుంది. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"'వ్రాయనిచ్చితిని' అని రాసినవ్. మనం గట్ల ఎప్పుడు మాట్లాడినం రా?"

విజేందర్ చేతిలోని పెన్ను కింద పడింది.

"అత్తా! నీకు సదువొస్తదా?"

"వస్తది."

"ఎప్పటి సంది?"

"నువ్వు పుట్టకముందు సంది."

"మరి నాతోని... ముప్పై పుస్తకాలు చదివిపిస్తివి గద! నీకు రాదని, పాపమని, జొరమొచ్చినా ఉరికొచ్చి చదివితి గద!"

"నాకొస్తదంటే నువ్వు చదువుతుంటివా?"

చదువు రాని ఒక మనిషికైనా తాను చదివి వినిపించానని, ఏ పరీక్ష తప్పినా విజేందర్ లోలోపల చెప్పుకునే గొప్ప అదొక్కటే. అది పోయిందనుకుని ఒక్క క్షణం వాడి ముఖం చిన్నబోయింది. మరుక్షణమే ఆమె ఏం చేసిందో అర్థమై, వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి గదిలోకి పోయి చిత్తు కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పుస్తకం చివరి పేజీ తిరగేయడం మొదలుపెట్టాడు.

"జానమ్మా, నా మాటిను" అన్నాడు డానియల్ సారు, గొంతు తగ్గించి. "సదువు రాదంటే తెల్వని తప్పయితది, మాఫీ దొరుకుతది. సదువొచ్చి రాయించినవంటే తెలిసి చేసిన తప్పయితది. నౌకరి ఉండది."

"తెలిసే చేసిన గద సారూ."

ఆమె ఇంకో తెల్లకాగితం అడిగి తీసుకుంది. రాసి చాలా ఏళ్లయింది. పెన్ను వేళ్ల మధ్య నిలవడానికి కొంతసేపు పట్టింది. లోపలినుంచి విజేందర్ కేక వినిపించింది.

"దొరికిందే అత్తా! 'నేను చదివిన. విజేందర్, 3వ తరగతి.' చ తిరగేసి రాసిన చూడు!"

*

గురువారం పొద్దున జానమ్మ కాగితాన్ని రెండు చేతులతో ఇచ్చింది. శోభ మేడం విప్పి చూసి, "ఎవరు రాశారు?" అని అడిగింది.

"నేనే మేడం."

మేడం డానియల్ సారు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చదివింది. అందులో ఇలా ఉంది.

'మేడం గారికి. నాకు సదువు వస్తది. రాదని పిల్లలకు అబద్ధం చెప్పిన. రాదంటేనే వాళ్లు నాకు చదివి చెప్తరు. పుస్తకాల మీద రాయద్దని నాకు తెలుసు. తెలిసే రాయనిచ్చిన. పేరు రాసుకోవచ్చనే ఆశతోని ఆఖరు దాకా చదువుతరు. గవి పిచ్చిరాతలు గావు. చదివిన అంటే చదివిన అనే. దాంట్ల ఏం తక్కువ లేదు. నన్ను తీసేసినా మంచిదే గని పుస్తకాలు తీసెయ్యకుండ్రి. చినిగినయి నేను అతికిస్త. పిల్లలు చదివిన్రు. నేను విన్న'

మేడం రెండోసారి చదివింది. కాగితాన్ని మడిచి పుస్తకాల జాబితా కింద పెట్టి, "పెద్ద గది రిజిస్టర్లు తీసుకురండి" అంది. రద్దు ముద్ర, సిరా డబ్బా బల్ల మీదే ఉన్నాయి. మధ్యాహ్నం దాకా పెద్ద గది పనే నడిచింది. మూడున్నరకు మేడం పిల్లల గదిలోకి వచ్చి చిత్తు కుప్ప పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ముద్ర కూడా తెప్పించుకుంది.

అప్పుడు విజేందర్ లోపలికి వచ్చాడు, వెనక ఇంకో పదిమంది. చేతిలో కాగితం ఉంది.

"మేడం, మా దరఖాస్తు వాపస్ తీసుకుంటున్నం. పిల్లలు బడికాడ ఉండంగ గీ రూము ఖాళీగనే ఉంటది. పొద్దుగాల నుంచి నాలుగు దాకా మేం కూసుంటం. నాలుగు కొట్టంగనే లేస్తం. గా కుప్పల మా పదకొండు మంది పేర్లున్నయ్ మేడం. నిన్న ఎతికినం."

మేడం కాగితం తీసుకుంది. వాళ్ల కాళ్ల సందుల్లోంచి మెర్సీ దూరి వచ్చింది. మూడు రోజుల నుంచి ఆ పిల్ల పట్టుదల అలాగే ఉంది. కుప్ప మీదున్న మేకపిల్లను చూడగానే గుర్తుపట్టి, ఎవరినీ అడగకుండా తీసి, గోనెపట్టా లేని బండల మీదే కూర్చుంది.

"ఏం పాపా?" అంది మేడం.

"ఇంక మూడు పేజీలే మేడం. అవ్వకు చదివి చెప్పాలె. ఆమెకు సదువు రాదు."

విజేందర్ జానమ్మ వైపు చూశాడు. జానమ్మ నేల చూపులు చూసింది. ఒక్క మాట చాలు, పదకొండేళ్ల అబద్ధం ఆ పిల్ల ముందు పగిలిపోతుంది. మేడం తన కళ్లద్దాలు తీసి, మడిచి, సంచిలో వేసుకుంది.

"నాకు గుడ రాదు బిడ్డా" అంది. "సదువు. ఇద్దరం వింటం."

అంతసేపూ పుస్తకంలోంచి వచ్చినట్టున్న ఆమె మాట ఒక్కసారిగా నేల మీదికి దిగింది. డానియల్ సారు ఉలిక్కిపడి చూశాడు.

మెర్సీ చదివింది. మేకపిల్ల పట్నంలో బస్సు దిగడం, దారి తెలియక ఏడవడం, అదే కండక్టరు దాన్ని చంకన వేసుకుని వెనక్కి తేవడం. 'తీసుకొచ్చాడు' అని ఉన్న చోట 'తీసుకొచ్చిండు' అని చదివింది. ఎవరూ దిద్దలేదు. అయిపోగానే చెవి మీది పెన్సిల్ తీసి చివరి పేజీ తెరిచి, ఆగింది.

"మేడం, బడిల 'చదివాను' అని రాయమంటరు. గీడ అందరు 'చదివిన' అని రాసిన్రు. నేనేం రాయాలె?"

"మాది కోస్గి దిక్కు" అంది శోభ మేడం, పిల్లతో కాదు, జానమ్మతో. "గొర్లు కాసేటోల్లం. మూడో తరగతిల 'నేను వచ్చిన' అని రాస్తే, వచ్చిన ఏంది, వచ్చిన గొర్రెనా అని క్లాసంత నవ్విన్రు. మల్ల ఆ మాట నా నోట్లకు రానియ్యలే. నిన్న నేనే ఆ మాటన్న. రాత్రంత నిద్ర పట్టలే జానమ్మా." పిల్ల వైపు తిరిగింది. "బడిల బడి లెక్క రాయి. గీడ నీ నోట్లెట్లున్నదో అట్ల రాయి."

మెర్సీ నాలుక కొస బయటపెట్టి రాసింది. 'నేను చదివిన. మెర్సీ, 4వ తరగతి.'

మేడం రద్దు ముద్రను మూతపెట్టి సంచిలో వేసుకుంది. జాబితా తీసి, అడుగున ఎర్ర పెన్నుతో, 'పుస్తకములన్నియు వాడుకలో ఉన్నవి, తీసివేయరాదు' అని రాసి సంతకం చేసింది.

"మేడం, రేపటి ఓపెనింగ్‌కు బ్యానర్ గుడ కొట్టించిన" అన్నాడు డానియల్ సారు నీరసంగా.

"ఓపెనింగ్ కానీండి సారూ. పిల్లలు వచ్చినంక చెయ్యుండ్రి, నాలుగు గంటలకు."

చివరికి ఆమె సంజాయిషీ కాగితం విప్పింది. మడతలు చదును చేసి, మళ్లీ మొదటి నుంచి చదువుకుంటూ వచ్చింది. ఎర్ర పెన్ను అక్షరాల వెంట నడుస్తూ ఆఖరి మాట దగ్గర ఆగింది. 'నేను విన్న'. 'విన్నాను' అని దిద్దుతుంది కాబోలు అనుకుని జానమ్మ చూస్తూ నిలబడింది. నిన్న సాయంత్రం చేయి నొప్పిపుట్టి, ఆ మాట దగ్గర ఆమె చుక్క పెట్టడం మరిచిపోయింది.

శోభ మేడం ఆ చుక్క పెట్టింది.